పాటి మీద ఇల్లు కడుతున్నారా? పునాది తవ్వేటప్పుడు పాత ఊరిని గమనించడం ఎలా

మీ వీధి చుట్టుపక్కల పొలాల కంటే నాలుగైదు అడుగులు ఎత్తున ఉందా? మట్టి బూడిద రంగులో ఉండి, పిడికిట పడితే పొడిపొడిగా రాలిపోతుందా? గట్టి వాన వెలిశాక పిల్లలు పూసలు ఏరుకొస్తుంటారా? అయితే మీ ఇంటిజాగా పాటి మీద ఉంది. ఇళ్లు కూలిన చోటే మళ్లీ ఇళ్లు లేచి, పొయ్యి బూడిద, పేడ, కుండపెంకులు, పశువుల ఎముకలు కలిసి పేరుకున్న నేల అది. రైతుకి పాటిమన్ను అంటే ఎరువు, బండ్లకొద్దీ తోలుకెళ్లి చేలల్లో చల్లేవాళ్లు. ధరణికోట, ఘంటసాల, కోటిలింగాల, కొండాపూర్ పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఎక్కని పాటిదిబ్బలు అంతకంటే చాలా ఎక్కువ.

ఇలాంటి చోట కట్టుబడి పని ఎంత చెరుపు చేయగలదో అమరావతి చెబుతుంది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తుంటే రాయి కోసం, ఇటుక కోసం దీపాలదిన్నెను, అంటే బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను తవ్వారు. కోలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువుగుంట ఉంది. మిగిలిన శిల్పాల్లో చాలావరకు ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. రాళ్లయినా మిగిలాయి గానీ, ఏ రాయి స్తూపంలో ఎక్కడ నిలబడిందన్న లెక్క మిగల్లేదు. దాని మీద పండితుల తర్జనభర్జన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంగ్లండ్‌లో 1990 నుంచి ఇలాంటి ఊళ్లలో ఇల్లు కట్టాలంటే, కట్టుకునేవాడి ఖర్చుతోనే ఒక పురావస్తు నిపుణుడు గుంట పక్కన నిలబడి చూసేలా అనుమతిలోనే షరతు పెడుతున్నారు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. రక్షిత కట్టడం దగ్గర్లో ఉంటే అనుమతి అడుగుతారు, ఆ గీత దాటితే నేలలో ఏముందో చూసే నాథుడు లేడు. అందుకే ఆ చూసే పని మీరు చేయాలి. మీరు ఇంటి యజమాని కావచ్చు, మేస్త్రీ కావచ్చు, ఊరి బళ్లో టీచరు కావచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. మీరు చేయబోయేది తవ్వకం కాదు, గమనిక. ఇంటికి ఎంత గుంట కావాలో అంతే తవ్వుతారు, అందులో కనబడింది రాసుకుంటారు. "ఇంకో రెండడుగులు తవ్వితే ఏముందో" అన్న ఆలోచన వచ్చిందంటే అది పురావస్తు శాఖ చేయాల్సిన పని అయిపోతుంది.

ముగ్గు పోయకముందే

మొదట మీ జాగా ఏ గీత లోపల ఉందో చూసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే, 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దాని హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. అక్కడ కొత్త ఇల్లు కట్టకూడదు. కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1992 జూన్ 16 కంటే ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలంటే అనుమతి అడగొచ్చు. ఆ 100 మీటర్లు దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టుకోవచ్చు గానీ జాతీయ స్మారక ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం ఉండాలి. రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

తర్వాత ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. పాత బావి ఎక్కడ పూడ్చారు, ఏ ఇంటి గోడకి పాత ఇటుక వాడారు, కోటగోడ అని ఏ గట్టును పిలిచేవారు? ఊరి పొలిమేర పొలాల్లో "రాకాసి గుళ్లు" అని పిలిచే రాళ్ల వలయాలుంటే అవి ఇనుపయుగం సమాధులు, చదును చేసే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. చేలో ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) తగులుతుంటే అక్కడ ఒకప్పుడు కొలిమి మండింది. నిజామాబాద్ వైపు కోనసముద్రం లాంటి ఊళ్ల ఉక్కు డమాస్కస్ కత్తులకు పనికొచ్చిందంటే ఆ చిట్టెపు కుప్పల విలువ ఏమిటో తెలుస్తుంది.

ప్లాన్‌లోనే సగం కాపాడొచ్చు

పిల్లర్ గుంటల కంటే సంపు, సెప్టిక్ ట్యాంకు ఎక్కువ చెరుపు చేస్తాయి. పిల్లర్ గుంటలు విడివిడిగా ఉంటాయి, మధ్యలో నేల మిగులుతుంది. సంపు మాత్రం ఒక గది మేర నేలను మొత్తంగా లేపేస్తుంది. అందుకే సంపును, ట్యాంకును ఇప్పటికే చెడిపోయిన చోటికి జరపండి. పాత మరుగుదొడ్డి గుంట ఉన్న చోటో, నిన్నమొన్నటి ఇంటి పునాది తీసేసిన చోటో దీనికి పనికొస్తుంది.

పాటిమన్ను వదులు నేల కాబట్టి ఇంజనీరు గట్టినేల తగిలేదాకా దిగమంటాడు. ఆయన మాట తప్పు కాదు. కానీ లోతుగా దిగకుండా రాఫ్ట్ (ఇల్లంతటి కింద ఒకే పలకలా పరిచే కాంక్రీటు పునాది) వేస్తే సరిపోతుందా అని ఒకసారి అడగండి. సరిపోతుందో లేదో ఆయనే మట్టి చూసి చెప్పాలి, ఇలాంటి వ్యాసం చదివి తేల్చుకునే విషయం కాదు.

మేస్త్రీతో మాట

పని మొదలయ్యే రోజు కాదు, అంతకుముందే కూర్చుని మాట్లాడండి. మేస్త్రీకి ఉన్న భయం ఒక్కటే: పని ఆగితే కూలి ఎవరిస్తారు? దానికి ముందే జవాబు చెప్పండి. ఒక గుంటలో ఏదైనా కనబడితే కూలీలు వేరే గుంటకి మళ్లుతారు, ఆ గుంటలో మీరు గంటసేపు కొలతలు తీసుకుంటారు, ఎవరి కూలీ తెగదు. ఈ ఒప్పందం లేకపోతే మీరు టీ తాగి వచ్చేలోపు అన్నీ పూడ్చేస్తారు.

"ఏదైనా దొరికితే ఇంత ఇస్తా" అని మాత్రం అనకండి. వస్తువుకి రేటు కట్టగానే కూలీ కళ్లు గుంట గోడ నుంచి వస్తువు మీదికి మళ్లుతాయి. పక్క దిబ్బలో దొరికింది తెచ్చి ఈ గుంటలోది అని చూపించే ముచ్చట కూడా మొదలవుతుంది. దాని బదులు ఒక పెంకు చేతిలో పెట్టి, లోపల నలుపు బయట ఎరుపు చూపించి, ఇది మూతి కిందకి బోర్లించి కాల్చిన కుండ అనీ, రెండు వేల ఏళ్ల కిందటిది కావచ్చనీ చెప్పండి. సాయంత్రానికి వాళ్లే మిమ్మల్ని పిలుస్తారు.

తవ్వే రోజు

ఖరీదైన సామాను అక్కర్లేదు. పొడుగు టేపు, నీళ్లు నింపి మట్టం చూసే లెవల్ పైపు, తాపీ, మెత్తని బ్రష్షు, నీళ్లు చిమ్మే సీసా, గ్రాఫ్ కాగితం, పెన్సిలు, జిప్ కవర్లు, ఫోను ఉంటే చాలు.

పక్కింటి గోడ మీద సుద్దతో ఒక గీత గీయండి. ఇక లోతులన్నీ ఆ గీత నుంచే కొలవాలి, నేల మీద నుంచి కాదు. పని నడిచేకొద్దీ నేల మట్టం రోజుకోలా మారుతుంది, గీత మారదు. మట్టాన్ని గీత నుంచి గుంట దాకా లెవల్ పైపుతో తేవడం మేస్త్రీకి అలవాటైన పనే. గుంటలకు కొత్త పేర్లు వద్దు, ప్లాన్‌లో పిల్లర్లకు ఇంజనీరు ఇచ్చిన సి1, సి2 నంబర్లే వాడండి. రేపు ఇంకొకరు మీ నోట్సు చదివినా ప్లాన్ తీసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

జేసీబీ అయితే పళ్లు లేని బకెట్ పెట్టించండి. పళ్లున్నది నేలను చీల్చుతుంది, లేనిది చెక్కుతుంది. ఒక్క గుంజుడులో మూడడుగులు కాకుండా నాలుగంగుళాల పొర చొప్పున తీయమనండి. డ్రైవరుకి కనబడే చోట నిలబడండి, బూమ్ తిరిగే మేరలో వద్దు. మన్ను రంగు మారగానే చెయ్యెత్తి ఆపాలి. తీసిన మన్ను గుంట అంచుకి మూడడుగుల అవతల పడాలి, పైమన్ను ఒక కుప్పగా, కింది మన్ను ఇంకో కుప్పగా. పాటిమన్ను చెప్పకుండా కూలుతుంది. నడుము లోతు దాటిన గుంటలోకి గోడలకు ఊతం లేకుండా దిగవద్దు, ఎవరినీ దించవద్దు.

గుంట గోడ చదవడం

అసలు పని ఇదే, ఎక్కువసేపు ఇక్కడే గడపండి.

బకెట్ గీకిన గోడ మీద ఏమీ కనబడదు, అంతా ఒకే రంగుగా పూసుకుపోయి ఉంటుంది. గుంటకి ఒక గోడ చాలు. తాపీ అంచుతో పైనుంచి కిందికి అరంగుళం మేర చెక్కుకుంటూ రండి. కిందినుంచి మొదలుపెడితే పైమన్ను రాలి మీరు శుభ్రం చేసినదాన్ని మళ్లీ కప్పేస్తుంది. తర్వాత సీసాతో నీళ్లు సన్నగా చిమ్మి ఆగండి. తడి ఆరే ఆ కాసేపట్లో పొరలు విడివిడిగా తేలతాయి: బూడిద పొర ముందుగా ఆరి పాలిపోతుంది, బంకమట్టి నల్లగానే ఉండిపోతుంది. ఫోటో అప్పుడే తీయాలి. సగం ఎండ, సగం నీడ ఉంటే ఫోటో పాడవుతుంది కాబట్టి ఇద్దరు దుప్పటి పట్టుకుని గోడంతా నీడ చేయండి. టేపు నిలువుగా వేలాడదీసి, పలక మీద ఊరు, గుంట నంబరు, తేదీ, ఉత్తరం ఎటో రాసి పక్కన పెట్టండి.

కృష్ణ ఒడ్డు ఊళ్లో ఆ గోడ మీద ఏం కనబడొచ్చంటే: పైన అడుగు మేర సిమెంటు పెళ్లలు, ప్లాస్టిక్ కవర్లు. దాని కింద గూనపెంకు ముక్కలు, కూలిన మట్టిగోడల పసుపుపచ్చ మన్ను. ఇంకాస్త కింద, దగ్గరగా చూస్తే తప్ప దొరకని సన్నని గట్టి చారలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అవి పేడతో అలికిన ఇంటి నేలలు. చారల చివర ఎర్రగా కాలిన మన్ను, పక్కనే బూడిద ఉంటే అక్కడ పొయ్యి ఉండేది. ఆ కింద పాత పెంకులు. చివరికి బొగ్గు రేణువు కూడా లేని నేల వస్తుంది, అది ఊరు పుట్టకముందటిది. అక్కడిదాకా వచ్చిందో, రాకముందే గుంట ఆగిపోయిందో తప్పకుండా రాయండి. ఊరి వయసు లెక్కగట్టేవాళ్లు ముందు వెతికేది ఆ వాక్యం కోసమే.

తిన్నగా సాగుతున్న పొరలు ఉన్నట్టుండి తెగిపోతే అక్కడ ఎవరో గుంట తవ్వారు. పల్లెల్లో చాలాసార్లు అది ధాన్యం పాతర: మూతి సన్నం, కడుపు వెడల్పు, లోపల వదులు మన్ను. తెగిన అంచును పైకి వెతుక్కుంటూ వెళ్లండి. అది ఏ పొర దగ్గర మొదలైతే ఆ పొర మీద నిలబడ్డవాళ్లు పాతర తవ్వారని అర్థం. ఆరడుగుల లోతులో నిజాం కాలపు పైసా దొరికితే కంగారు పడక్కర్లేదు, పాతరలోంచి జారి ఉంటుంది. లోతు ఒక్కటే వయసు చెప్పదు.

ఇంకోటి, గోడ లేకుండా గోడ జాడ మాత్రమే ఉండటం. తర్వాతి కాలంవాళ్లు ఇటుకలు పీక్కుపోతే ఆ కాలువలో ఇటుక చెక్కులు, సున్నపు పొడి మిగులుతాయి. అది కూడా గోడే, కొలిచి గీయండి. ఇటుక పగలకుండా నిండుగా దొరికితే పొడవు, వెడల్పు, మందం మూడూ కొలవాలి. మన చేతిలో ఇమిడే ఇటుక ఈమధ్యది. 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందానికి అటూ ఇటూగా ఉంటే శాతవాహన, ఇక్ష్వాకుల కాలం గుర్తుకు రావాలి. అలాంటి ఇటుకను తర్వాతి ఇంటివాళ్లు మళ్లీ వాడి ఉండొచ్చు కూడా, కాబట్టి కాలం తేల్చేయకుండా కొలత మాత్రం రాయండి.

గ్రాఫ్ కాగితం మీద 10 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు లెక్కన గోడ బొమ్మ గీయండి. ఫోటో ఉందిగా అనిపిస్తుంది, కానీ గీసేటప్పుడే కన్ను పొరను వెంబడిస్తుంది, ఫోటోలో తప్పిపోయిన అంచు అప్పుడు దొరుకుతుంది.

దొరికినవాటిని ఏం చేయాలి

ప్రతి వస్తువుకీ ముందు కొలత, తర్వాతే చెయ్యి. రెండు కదలని గుర్తుల నుంచి, ఉదాహరణకి కరెంటు స్తంభం, పక్కింటి మూల, టేపు పట్టి దూరాలు రాసుకుంటే చోటు ఖాయమైపోతుంది. తర్వాత కవరు, కవరులో పెన్సిలుతో రాసిన చీటీ: ఊరు, సర్వే నంబరు, గుంట, సుద్దగీత నుంచి లోతు, తేదీ. గ్రామకంఠంలో (ఊరి ఇళ్లున్న నేలలో) విడి సర్వే నంబరు ఉండదు కాబట్టి అక్కడ డోర్ నంబరు రాయండి. మార్కర్ సిరా ఎండకి వెలిసిపోతుంది, పెన్సిలు రాత ఉంటుంది.

రాగి నాణెం కనబడగానే చింతపండుతో తోమాలని ఎవరికో ఒకరికి చెయ్యి దురదపెడుతుంది. తోమితే పచ్చటి పొరతో పాటు అక్షరాలు కూడా పోతాయి. సీసపు నాణేల సంగతి ఇంకా సున్నితం. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడలి గీతల కొసల్లో నాలుగు వృత్తాలు). సీసాన్ని చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో దాస్తే వాటి ఆవిరికే తెల్లగా పొడిబారిపోతుంది, అందుకే ప్లాస్టిక్ డబ్బా వాడండి. ఇనుము మీద తుప్పు ఒలవద్దు. నిండు కుండ దొరికితే లోపలి మన్ను తీయవద్దు, ఆ మన్నులోనే గింజలు, ఆనవాళ్లు ఉంటాయి. బొగ్గును చేత్తో ముట్టకుండా తాపీ కొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టండి, వయసు పరీక్షకు అది పనికొస్తుంది. మామూలు పెంకులను మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టొచ్చు.

ఇసుక జల్లెడ ఎలాగూ ఉంటుంది, కింది మన్ను కుప్పలోంచి ఒకటి రెండు తట్టలు జల్లించి చూడండి. వాన పడిన మర్నాడు పొద్దున కుప్ప చుట్టూ ఒకసారి తిరగండి. మన్ను కొట్టుకుపోయి పూసలు, గాజు ముక్కలు పైకి తేలి మెరుస్తుంటాయి.

పని ఆపాల్సినప్పుడు

మనిషి ఎముకలు కనబడితే వెంటనే ఆపి పోలీసులకు, తహశీల్దారుకు చెప్పాలి. అవి వెయ్యేళ్లవా, పదేళ్లవా అన్నది గుంట పక్కన నిలబడి మీరు తేల్చలేరు. కాళ్లున్న మట్టితొట్టి లాంటిది బయటపడితే అది ఇనుపయుగపు శవపేటిక కావచ్చు. పైకి లేపే ప్రయత్నం చేయకుండా తడిగోనె కప్పి ఉంచండి.

బంగారం, వెండి, నాణేల కుండ అయితే వ్యవహారం చట్టంలోకి వెళ్తుంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల కంటే విలువైనది నేలలో దొరికితే ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, పైగా రావాల్సిన వాటా కూడా పోతుంది. తెలిపితే, సొంతదారు ఎవరూ తేలని పక్షంలో, వేరే ఒప్పందం లేకపోతే, దొరికించుకున్నవారికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు అన్నది చట్టం లెక్క. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకి అయిదో వంతు కలిపి ఇస్తుంది. 2021లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే రాగి బిందెలో నగలు బయటపడి, ఊరంతా గుమిగూడి, అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. జనం చేరకముందే ఫోటోలు, కొలతలు అయిపోవాలి. ఆ తర్వాత అవకాశం దొరకదు.

విగ్రహమైతే పావుగంటలో పసుపు కుంకుమలు పడతాయి. ఆపబోతే గొడవ తప్ప ఫలితం ఉండదు, పాలాభిషేకం మొదలయ్యేలోపు నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఏ వైపు తిరిగి ఎంత లోతులో ఉందో రాసేసుకోండి. శాసనం రాయైతే అక్షరాల్లో సుద్ద, రంగు, నూనె పూయనివ్వవద్దు. చీకటి పడ్డాక టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి తీస్తే పగలు కనబడని అక్షరం కూడా ఫోటోలో నిలుస్తుంది.

పాత గోడ తగిలి, దాన్ని తీయకుండానే పునాది వేసుకోగలిగితే గోడ మీద అడుగు ఇసుక పోసి పాలిథిన్ షీటు పరచి పూడ్చండి. యాభై ఏళ్ల తర్వాత తవ్వేవాడికి ఎక్కడ ఆపాలో ఆ షీటు చెబుతుంది.

రాసింది ఎవరికి ఇవ్వాలి

రెండు పేజీలు చాలు. ఇంటిజాగా ప్లాన్, గుంటల నంబర్లు, పొరల బొమ్మలు, దొరికినవాటి పట్టిక, ఫోటోలు. ఏమీ దొరకని గుంటల సంగతి కూడా ఉండాలి. ఊరు ఎక్కడిదాకా సాగి ఎక్కడ ఆగిందో చెప్పేవి ఆ ఖాళీ గుంటలే. ఊహలు విడిగా రాయండి, చూసింది విడిగా రాయండి. "శాతవాహనుల కోట" అని రాసి పంపితే చదివే అధికారి మొదటి వాక్యం దగ్గరే పక్కన పెట్టేస్తాడు.

ఒక కాపీ పంచాయతీకి, ఒకటి తహశీల్దారుకి, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకి. తెలంగాణలో హెరిటేజ్ తెలంగాణ, ఆంధ్రలో పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ. దగ్గర్లోని మ్యూజియంలో ఇచ్చినా దారి దొరుకుతుంది: విజయవాడ బాపు మ్యూజియం, కరీంనగర్ మ్యూజియం లాంటివి. వస్తువులు అప్పగిస్తే రసీదు అడిగి తీసుకోండి, రసీదులో గుంట నంబరు, లోతు కూడా రాయించండి.

మీ ఇల్లు అయిపోయాక కూడా ఊళ్లో తవ్వకాలు ఆగవు. మంచినీళ్ల పైపులైన్, డ్రైనేజీ కాలువ వచ్చినప్పుడు వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా సన్నటి కందకం తవ్వుతారు. మొత్తం ఊరి పొరలు వరసగా కనబడే అవకాశం మళ్లీ మళ్లీ రాదు. కాంట్రాక్టరు పైపు వేసి అదే రోజు పూడ్చేస్తాడు కాబట్టి ముందు రోజే పంచాయతీ కార్యదర్శిని అడిగి వేళ తెలుసుకోండి. పది అడుగులకో ఫోటో, పక్కన డోర్ నంబరు, పలక మీద తేదీ.